కాశీలో వదిలిన జామకాయ

ఖానాపురం హవేలి, ఖమ్మం
4 డిసెంబర్ 2022

డైరెక్టరు ప్రకాశ్ గారికి,

మీ అక్క నాగలత దీవెనలు. ‘గారు’ అన్నానని పొంగిపోకు, ఈ ఒక్క ఉత్తరానికే. ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నవ్వుకుంటావని తెలుసు. నీకు ఫోను చేస్తే నీ అసిస్టెంటు భార్గవి ఎత్తి, సార్ షాట్‌లో ఉన్నారంటుంది. నువ్వు తిరిగి చేసేసరికి అమ్మ నా భుజం మీద చెవి పెట్టి నిలబడి ఉంటుంది. వాట్సాప్‌లో రాద్దామంటే నా ఫోను నాకంటే ముందు మీ బావ చూస్తాడు. అమ్మ ఎదుట మాట్లాడలేనివి ఉన్నాయి కాబట్టి కాగితం పట్టుకున్నాను. నువ్వు కూడా రాసి నేను పనిచేసే బడి అడ్రసుకు పంపు. ఇంటికి వద్దు.

నువ్వు కారేపల్లి స్టేషన్‌లో షూటింగ్ పెట్టావన్న కబురు నీకంటే ముందు పగిడయ్య పెదనాన్న చెప్పాడు. అవును, ఆయనే. నాన్న పోయిన ఏడు, మొగుణ్ని మింగి వచ్చిందని అమ్మను గుమ్మంలోంచే పంపేసిన మనిషి. ఆ తర్వాత అమ్మ మనిద్దరినీ సారపాక తీసుకుపోయి, మిల్లు కాంట్రాక్టు కూలీలకు అన్నాలు వండి మనల్ని ఇంతవాళ్లను చేస్తే, బతికారా చచ్చారా అని అడగని మనిషి. నీ కార్లూ లైట్లూ ఊళ్లో దిగేసరికి ఆయనకు చుట్టరికం గుర్తుకొచ్చింది. “సీతారావమ్మా, మనోడు ఊళ్లె సినిమా తీస్తుండు, నువ్వు రాకుంటే ఎట్ల?” అన్నాడట.

అంతటితో ఆగలేదు. వచ్చే చలికాలం అందరం కలిసి కాశీ పోదాం, తమ్ముడికి అక్కడ పిండం పెట్టిద్దాం, కొడుకు చేతి మీదుగానే జరగాలి అన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి అమ్మ కాళ్లు నేల మీద లేవు. ఎందుకో నీకు చెప్పాలా? తాతయ్య అస్థికలు గంగలో కలపడానికి నాన్న మనల్ని వెంటబెట్టుకుని కాశీ రైలెక్కాడు. దారిలో ఏదో స్టేషన్‌లో నీళ్లకు దిగి, కదిలే బండి ఎక్కబోయి దాని కిందే పడిపోయాడు. నీకు ఆరేళ్లు, నాకు పద్నాలుగు. మరచెంబు నింపుకోకుండా రైలెక్కిన ఆడది అని కారేపల్లి అంతా అమ్మను ఆడిపోసుకుంది. ఆ ప్రయాణం సగంలోనే ఆగిపోయింది. అత్తింటివాళ్లు పిలవకుండా తనొక్కతే కాశీ పోతే దొంగచాటుగా చేసినట్టుంటుందని అమ్మ ఇన్నేళ్లూ ఎదురుచూసింది. తల నెరిశాక ఆ పిలుపు వచ్చింది. ఇది చెడకూడదు తమ్ముడూ.

ఇక అసలు మాట. నీ సినిమా రైల్లో జరుగుతుందట. చలికాలమట. మొగుడు మాయమవుతాడట. మనకు తెలిసిన రైలు ఒక్కటే కదరా. అది కాదని ఒక్క ముక్క రాయి, నిద్రపడుతుంది.

అమ్మ నీ షూటింగ్ వాళ్లందరికీ చెక్కలు వత్తుతోంది. కారం ఎక్కువేసింది, నీకిష్టమని.

నీ అక్క,
నాగలత


కారేపల్లి
19 డిసెంబర్ 2022

అక్కా,

నమస్కారం పెట్టే తీరిక కూడా లేదు, పెట్టాననుకో. స్టేషన్ మాకు ఇచ్చింది ఒక బండికీ ఇంకో బండికీ మధ్య ఉన్న ఖాళీలోనే. ఆ ఖాళీలో పొగ మిషన్లు ఆన్ చేసి కారేపల్లిని ఉత్తరాది చలికాలం చేయాలి. గాలి వీస్తే ఉత్తరాది కాస్తా తోటల్లోకి పోతుంది. మళ్లీ మొదలు.

సినిమా పేరు ‘సైడ్ లోయర్’. దూరం పోయే రైలు, మంచు, ఒక బోగీ, ఒక మాయమైన మొగుడు. సైడ్ లోయర్ బెర్తులో కూర్చుని అందరినీ గమనిస్తుండే ఒక పోలీసాయన. చివరి పావుగంటలో జనం ఊపిరి బిగబట్టకపోతే నా పేరు మార్చుకుంటాను. దానికీ మన ఇంటికీ ఏ సంబంధమూ లేదు. రైలన్నాక ఎవడో ఒకడు పడుతూనే ఉంటాడు, అన్నీ మన నాన్నే కాదు.

పెదనాన్నకు వేషం ఇచ్చాను. ప్లాట్‌ఫారం మీద జామకాయలు అమ్మేవాడు. మెడకు మఫ్లరు చుట్టి బుట్ట చేతికిస్తే పొద్దున్నుంచీ “అమ్రూద్, అమ్రూద్” అని సాధన చేస్తూ ఊళ్లో కుక్కల్ని బెదరగొట్టాడు. ఆయన అంత సంతోషంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

సంతోషంగా లేనిది మన అమ్మే. వచ్చింది, యూనిట్ మొత్తానికి తన చేత్తో వడ్డించింది. నా పక్కన కుర్చీ వేయించాను. హీరో దిగుతాడు, జామకాయలు కొంటాడు, బండి కదులుతుంది, మంచులో పరుగెత్తుతాడు, పడతాడు. అమ్మ ముందు మొదటిసారి నేను ‘యాక్షన్’ అన్నాను. ‘కట్’ చెప్పి పక్కకు చూస్తే కుర్చీ ఖాళీ. ఆటో ఎక్కి వెళ్లిపోయిందన్నారు. కొడుకు పని మీద రెండు నిమిషాలు కూర్చోలేదు కానీ, తన కేరియర్లు మాత్రం ఒక్కటి మర్చిపోకుండా పట్టుకుపోయింది. సుబ్బరత్నం పెద్దమ్మ ఏమైనా అన్నదా? లేక లైట్ల కుర్రాణ్ని నేను తిట్టిన తిట్టు వంటమనిషి చెవులకు బరువైందా?

నువ్వే కనుక్కో. నేను అడగను.

ప్రకాశ్


ఖానాపురం హవేలి
2 జనవరి 2023

తమ్ముడికి,

వంటమనిషి అన్న ముక్క మళ్లీ రాయకు. ఆ వంట తినే నీకు చెయ్యి తిరిగింది.

సుబ్బరత్నం పెద్దమ్మ ఏమీ అనలేదు. పాపం, ఈ ఒక్కసారికి ఆవిడ తప్పు లేదు. అమ్మ ఆటో దిగి గిన్నెలు అక్కడే పెట్టి దుప్పటి కప్పుకుని పడుకుంది. రెండు రోజులు జ్వరం. ఏమైందని అడిగితే, “మంచు మంచిగ పెట్టిండు” అంది, అంతే. మూడోనాడు రాజ్యశ్రీని పిలిచి, ఆ కింద పడ్డ పిల్లగాడు తర్వాత లేచాడా అని అడిగింది. లేచాడు అమ్మమ్మా, చాయ్ కూడా తాగాడు అని నా కూతురు చెప్పాక కాస్త జావ తాగింది.

నిన్ను ఒకటి అడుగుతాను, కారణం అడక్కుండా చెయ్యి. ఆ జామకాయలు తీసెయ్. కమలాలు పెట్టు, రేగుపళ్లు పెట్టు, పల్లీలు పెట్టు. అమ్మ జామకాయ కాశీలో వదిలిందని నీకు తెలుసు కదా. చిన్నప్పుడు సారపాకలో నువ్వు కొరికిన ముక్క పెట్టబోతే కూడా ఆ మాటే చెప్పి మొహం తిప్పుకునేది. మొన్న షూటింగ్ రోజు పెద్దమ్మ దొడ్లో జామకాయలు కోసి ఇస్తే కూడా అలవాటు కొద్దీ అదే చెప్పింది, కాశీలో వదిలేశా అక్కా అని. వదిలినదాన్ని కళ్ల ముందు బుట్టలు బుట్టలు పోస్తే మనిషికి ఎలా ఉంటుంది?

పండ్లు మార్చడం నీకు పెద్ద పని కాదు. ఫోను చేసి అమ్మతో నాలుగు మాటలు మాట్లాడు, షూటింగ్ సంగతి ఎత్తకు.

అక్క


హైదరాబాద్
11 మార్చి 2023

అక్కా,

నీ ఉత్తరం జేబులోనే పెట్టుకు తిరుగుతున్నాను. కాశీలో వదిలింది అని ఎంత తేలిగ్గా రాశావు!

మనం కాశీ చేరలేదు కదా.

నాన్న దారిలోనే పోయాడు. మనం అక్కడి నుంచే వెనక్కి వచ్చాం. ఆ తర్వాత అమ్మ గోదావరి దాటి ఎటూ పోలేదు. మరి కాశీలో జామకాయ ఎప్పుడు వదిలింది? ఇది నాకు హాస్టల్లో తట్టింది. పక్క మంచం వాడు వాళ్ల నాయనమ్మ కాశీలో కాకరకాయ వదిలి, తినడానికి ఇష్టం లేనిదాన్ని తెలివిగా వదిలించుకుందని చెప్పి నవ్వించాడు. మా అమ్మ జామకాయ వదిలింది అని నేనూ అన్నాను. అని, పడుకుని, పైకప్పు చూస్తూ లెక్క వేసుకున్నాను. అమ్మ అబద్ధమాడింది. పేకాటలోనో పెళ్లి సంబంధంలోనో అబద్ధమాడతారు. ఒక పండు గురించి మనిషి ఎందుకు అబద్ధమాడుతుంది?

నా సినిమా మొత్తం ఆ ప్రశ్నలోంచే పుట్టింది. కథ చెబుతా విను. భార్య జామకాయలో నిద్రమందు పెట్టి మొగుడికి ఇస్తుంది, మంచులో తలుపు దగ్గరికి తీసుకుపోతుంది. అందరూ జారి పడ్డాడనుకుంటారు. ఏళ్ల తర్వాత ఇంకో రైల్లో సైడ్ లోయర్‌లో కూర్చున్న పోలీసాయన ఆమెకు ఒక జామకాయ ఇస్తాడు. వద్దండీ, కాశీలో వదిలాను అంటుంది. అప్పుడాయన, “నువ్వు కాశీ చేరలేదు కదమ్మా, ఆ రోజు నిన్ను రైల్లోంచి దింపింది నేనే” అంటాడు. తెర నల్లగా అయిపోతుంది. విన్న ప్రతి ప్రొడ్యూసరూ కుర్చీలోంచి లేచాడు.

నాకు ఒక్కటే గుర్తుంది అక్కా. నా నోట్లో జామకాయ ముక్క. ఉప్పూ కారం మంట. కిటికీ బయట తెల్లగా మంచు. ఖాకీ బట్టల మనిషి నా మీదికి వంగి ఏదో అడుగుతున్నాడు. నేను చెప్పబోయాను. అమ్మ అరచేత్తో నా నోరు మూసింది, పళ్లు పెదవికి గుచ్చుకునేంత గట్టిగా. నీళ్లకు దిగిన మనిషి చనిపోతే పిల్లాడి నోరు ఎందుకు మూయాలి?

నువ్వు పక్కనే ఉన్నావు. నీకు తెలుసు. నాన్నకు కోపం ఎక్కువని పెదనాన్న అన్నాడు. అమ్మ అలాంటిదేమైనా చేసి ఉంటే నేను అర్థం చేసుకోగలను, కాలం మారింది. కానీ చెప్పు. చెప్పకపోతే నా కథే నిజమనుకుంటాను.

ప్రకాశ్


ఖానాపురం హవేలి
26 మార్చి 2023

జయప్రకాశ్,

నీ ఉత్తరం బడి స్టాఫ్‌రూములో చదివి, ఎవరి కంటా పడకుండా పుస్తకంలో దాచుకున్నాను. అర్థం చేసుకుంటాడట! ఎవర్నిరా నువ్వు అర్థం చేసుకునేది? మిల్లు సైరన్ కూయకముందే లేచి, బొగ్గుల పొయ్యి ముందు కూర్చుని, పొగకు కళ్లు పాడుచేసుకున్న మనిషినా?

నాన్న అమ్మ మీద చెయ్యెత్తడం నేనెప్పుడూ చూడలేదు. నాన్న కోపమంతా పెదనాన్న మీదే ఉండేది, అందుకే ఆయనకు అంత బాగా గుర్తుంది. ఆ రోజు ఏం జరిగిందో నాకు తెలుసు. చెప్పను. అమ్మ నా చేత నీ తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకుంది, నువ్వు అప్పుడు నిద్రపోతున్నావు. నా పెళ్లికి గుర్తుచేసింది, రాజ్యశ్రీ పుట్టినప్పుడు గుర్తుచేసింది. నీ అనుమానానికి భయపడి దాన్ని తెంచుకోలేను. నువ్వు అనుకుంటున్నది మాత్రం కాదు. ఆ మాట నా బిడ్డ మీద ఒట్టేసి చెబుతాను.

సినిమా తీసుకో. ఆడదాన్ని హంతకురాలిని చేసుకో, విషం పెట్టించు, కత్తి పట్టించు, నీ ఇష్టం. ఆ జామకాయ, ఆ కాశీ మాట తీసెయ్. కారేపల్లి వాళ్లకు ఉన్న తీరికకు ఆ రెండూ కలపడం ఎంతసేపు? పెద్దమ్మ ఆ మాట అమ్మ నోటి వెంటే విన్నది. జనవరిలో ప్రయాణమని పెదనాన్న పంతులు గారితో రోజు కూడా చూపించాడు. అమ్మ పెట్టెలో కొత్త పంచె కొని పెట్టింది, నువ్వు గంగలో మునిగి కట్టుకోవడానికి. ఆవిడకు మిగిలిన కోరిక ఆ ఒక్కటే. దాన్ని నీ చివరి పావుగంటకు బలిపెట్టకు.

నాగలత


హైదరాబాద్
8 అక్టోబర్ 2023

అక్కా,

ఆలస్యానికి తిట్టుకో. డబ్బింగ్, మ్యూజిక్, గొడవలు. నువ్వడిగింది ఎడిటింగ్‌లో చూసుకుంటాను, నాకు వదిలెయ్. మాటిస్తున్నాను.

డిసెంబర్‌లో విడుదల. ఖమ్మంలో మొదటి రోజు ఒక వరుస మొత్తం మన వాళ్లకే పెట్టిస్తున్నాను. అమ్మ, నువ్వు, బావ, రాజ్యశ్రీ, కారేపల్లి నుంచి పెదనాన్నా వాళ్లూ అందరూ. అమ్మను మధ్యలో కూర్చోబెట్టు. ఈసారి కుర్చీ ఖాళీ చేసి పోనివ్వకు.

ప్రకాశ్


ఖానాపురం హవేలి
20 డిసెంబర్ 2023

జయప్రకాశ్ గారికి,

మీ సినిమా హిట్టు. అభినందనలు. ఈ ‘గారు’ ఎగతాళికి కాదు, నిన్ను నువ్వు అనడానికి నోరు రాక.

నువ్వు మాటిచ్చావని నేను అమ్మకు ధైర్యం చెప్పి తీసుకుపోయాను. అమ్మ జరీ అంచు చీర కట్టుకుంది. కారేపల్లి వాళ్లు రెండు జీపుల్లో వచ్చారు. పెదనాన్న తెర మీద బుట్ట పట్టుకుని కనబడగానే వరుసంతా ఈలలు. అమ్మ కూడా నవ్వింది. నీ భార్గవి మా ముందు వరుసలో కూర్చుని వెనక్కి తిరిగి ఫోను పట్టుకుంటే, సినిమా వాళ్ల అలవాటేమో అనుకున్నాను.

చివరికి వచ్చేసరికి పోలీసాయన జామకాయ తీశాడు. అప్పుడే లేచిపోదామని అమ్మ చెయ్యి పట్టుకున్నాను. కదల్లేదు. “నువ్వు కాశీ చేరలేదు కదమ్మా.” హాలు హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. మా వరుసలో ఒక్కరూ కొట్టలేదు. పెద్దమ్మ మెడ తిప్పి అమ్మను చూసింది. తర్వాత పెదనాన్న చూశాడు. తర్వాత ఒక్కొక్కరూ. లైట్లు వేసేదాకా అమ్మ తన నోటికి తనే చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

బయట పెదనాన్న జీపెక్కుతూ, “కన్నకొడుకే చెప్పినంక ఇంకెవలు చెప్పాలె? కాశీ లేదు, గీశీ లేదు. మా తమ్ముని పేరు నీ నోటితో తియ్యకు” అన్నాడు. నీళ్లకని చెప్పి నమ్మించిందిరా ఇన్నేళ్లు అని పెద్దమ్మ అందరికీ వినబడేలా అంది. మర్నాటికి వీధిలోకి చేరింది. అమ్మ పాల ప్యాకెట్‌కు పోతుంటే గోడ మీద పిల్లలు “అమ్రూద్” అని అరుస్తున్నారు. రాజ్యశ్రీ కాలేజీ మానేసి మంచం దిగడం లేదు. మీ బావ కొన్నాళ్లు అత్తయ్యను సారపాకలో ఆవిడ తమ్ముడి దగ్గర ఉంచుదామా అంటున్నాడు. మంచివాడే, అతను కూడా అనేశాడు.

అమ్మ ఏమందో తెలుసా? నేను నిన్ను తిడుతుంటే ఆపి, “వానికి యాదికి లేదే. నన్ను చంపినదాన్ని చేసిండంటే వానికి యాదికి లేనట్టే గద. మంచిగయింది” అంది. సంతోషంగా అంది. ఆ సంతోషం చూశాక నా ఒట్టు నా గొంతులోనే కాలిపోయింది. విను.

బండి ఏదో చిన్న స్టేషన్‌లో ఆగింది. పొద్దు పొడవలేదు, మంచు. కిటికీ అవతల ఒకడు బుట్టతో పోతుంటే నువ్వు చూశావు. జామకాయ కావాలన్నావు. చలికి గొంతు పట్టుకుంటుంది, వద్దన్నాడు నాన్న. నువ్వు బెర్తు మీద పడి తన్నుకున్నావు, అందరూ లేచారు. నాన్న చెప్పులు కూడా వేసుకోకుండా దిగి, కొని, కిటికీ చువ్వల్లోంచి నీ చేతిలో పెట్టాడు. నువ్వు కొరికి, ఉప్పూ కారం లేదని విసిరికొట్టావు. నాన్న నవ్వుకుంటూ మళ్లీ వెనక్కి పోయాడు. ఇంకో జామకాయా, ఉప్పుకారం పొట్లమూ నీకు అందించేసరికి బండి కదిలింది. తలుపు దాకా పరుగెత్తాడు. మెట్టు మీద మంచు తడి. ఉత్త కాళ్లు.

నీకు తెలియదు. అరుపుల మధ్య నువ్వు జామకాయ అద్దుకుని తింటూనే ఉన్నావు. పోలీసతను వంగి, నాన్న ఎందుకు దిగాడు బాబూ అని సైగలు చేసి అడిగాడు. నువ్వు నోరు తెరిచావు. అప్పుడు మూసింది అమ్మ. నీళ్లకు దిగిండు అని చెప్పింది. పక్కనే నిండు మరచెంబు ఉంది, దాన్ని కొంగు కింద దాచి చెప్పింది. పిల్లాడు తండ్రిని చంపాననుకుంటూ పెరగకూడదని, మరచెంబు నింపుకోని ఆడదన్న పేరు తన నెత్తిన వేసుకుంది. జామకాయ మాట మన ఇంట్లో పుట్టకుండా ఉండడానికి, నువ్వు అడిగినప్పుడు కాశీ అబద్ధం చెప్పింది.

ఇదీ నీ చివరి పావుగంట. ఇప్పుడు నీ అమ్మను కాశీ తీసుకుపో. కారేపల్లి వాళ్లు రాకపోయినా సరే, నువ్వొస్తే చాలు.

అక్క


ముంబయి
6 జనవరి 2024

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నిజం చెబుతున్నాను. ఒక గంట ఎవరితోనూ మాట్లాడలేదు.

తర్వాత లేచి మా రైటర్‌కు ఫోను చేశాను. తప్పుగా అనుకోకు. ‘సైడ్ లోయర్’ హిందీలో తీస్తున్నారు, క్లైమాక్స్ మార్చమని నెల రోజులుగా నా ప్రాణం తీస్తున్నారు. ఆ ఉప్పుకారం పొట్లం! అది మన ఊహకు అందేది కాదు. మొత్తం బోగీని అనుమానించి చివరికి పిల్లాడి దగ్గర ఆగుతాం. నువ్వు ఇది మార్చిలోనే చెప్పి ఉంటే తెలుగు సినిమా కూడా ఇంకో స్థాయిలో ఉండేది. ఒట్లు పెట్టుకుని కూర్చున్నారు మీరిద్దరూ.

నువ్వు తిట్టే ముందు నేనే చెబుతాను. ఆ సీను కావాలనే ఉంచాను. భార్గవిని అమ్మ ముందు కూర్చోబెట్టి మొహం తీయించాను. నాకు నిజం కావాలి, మీరెవరూ చెప్పలేదు. ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నప్పుడు దొరికిపోయింది అనుకున్నాను. అది వేరే అని ఇప్పుడు తెలిసింది. నటులెవరూ అలా చేయలేరు.

నాకేమీ పాపం అంటలేదు, ఆరేళ్లవాణ్ని. అది స్పష్టంగా ఉంది కాబట్టి మనం బాధపడక్కర్లేదు. కారేపల్లి వాళ్లకు నిజం చెప్పెయ్, గొడవ తీరిపోతుంది. కాశీకి జనవరిలోనూ ఫిబ్రవరిలోనూ నాకు కుదరదు, ఇక్కడ రోజూ కూర్చోవాలి. బావ చేత పిండం పెట్టించు, ఎవరు పెట్టినా చేరేది నాన్నకే.

ఒక్క సాయం. నాకు తెలిసిపోయిందని అమ్మకు చెప్పకు. హిందీ సినిమా ప్రచారానికి అమ్మనూ నన్నూ ఎదురెదురుగా కూర్చోబెట్టి, కెమెరా ముందే నేను చెబుతాను. ఆ మొహం మళ్లీ రాదు.

ప్రకాశ్


ఖానాపురం హవేలి
9 ఫిబ్రవరి 2024

జయప్రకాశ్‌కు,

చెప్పవద్దన్నావు. నీ ఉత్తరం మొత్తం అమ్మకు చదివి వినిపించాను. కావాలనే చదివాను, ఒక్క ముక్క వదల్లేదు. అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. నేను ఒట్టు తప్పినందుకు నా వైపు ఒకసారి చూసింది, అంతే. చివరిదాకా విని, “ఏడ్చిండా?” అని అడిగింది. నువ్వు ఏడ్చినట్టు ఎక్కడైనా రాశావేమోనని మళ్లీ మొదటి నుంచి చూశాను. ఒక గంట ఎవరితోనూ మాట్లాడలేదట అని చెప్పాను. అమ్మ ఏరిన బియ్యమే మళ్లీ చేటలో పోసి ఏరడం మొదలుపెట్టింది. సాయంత్రం, కాశీకి టికెట్లు తీయించమంది.

కారేపల్లి వాళ్లకు నిజం చెప్పమన్నావు. పోయి చెప్పాను. పెదనాన్న నమ్మలేదు. తను చేసినదాన్ని ఇప్పుడు కొడుకు మీదికే తోస్తోందా అన్నాడు. నీ సినిమా మాత్రం నాలుగుసార్లు చూశాడట, తన సీను కోసం.

అమ్మ, నేను, మీ బావ వెళ్లొచ్చాం. అమ్మ మరచెంబు నిండా నీళ్లు నింపి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, దారి పొడవునా దించలేదు. ఆ స్టేషన్ ఏదో నాకు గుర్తులేదు. అమ్మకు ఉంది. అది వస్తున్నప్పుడు చెప్పులు విప్పి బెర్తు కిందకు నెట్టి, దాటాక మళ్లీ వేసుకుంది.

పిండం పెట్టించిన పంతులు తెలుగాయనే. కొడుకు ఉన్నాడా అని అడిగాడు. మీ బావ ముందుకొచ్చి కూర్చున్నాడు. నీకోసం కొన్న పంచె ఆయన కట్టుకున్నాడు. అంతా అయ్యాక పంతులు, కాశీకి వచ్చినందుకు ఇష్టమైన కాయో పండో ఒకటి వదలాలమ్మా, ఇక జన్మలో ముట్టకూడదు అన్నాడు. జామకాయ అంటుందనుకున్నాను. ఇన్నేళ్ల అబద్ధం ఇవాళ్టికైనా నిజం చేసుకుంటుందని, నాకు ఏడుపు కూడా వచ్చింది.

తినేదే వదలాలా అని అడిగింది అమ్మ. ప్రాణానికి ఇష్టమైనది ఏదైనా వదలొచ్చు అన్నాడాయన. దోసిట్లో గంగ తీసుకుంది.

“నా కొడుకును వదిలిన.”

పంతులు నా వైపు చూశాడు, ఈవిడకు మతి సరిగ్గా ఉందా అన్నట్టు. ఉందని తల ఊపాను. అమ్మ నీళ్లు వదిలేసి చీర కొంగుకు చేతులు తుడుచుకుంది.

నువ్వు వస్తే తలుపు తీస్తాం. అన్నం నేను పెడతాను. అమ్మ నీతో మాట్లాడదు, నిన్ను ముట్టదు, నీ పేరు తీయదు. నియమం తెలుసుగా, కాశీలో వదిలినదాన్ని మళ్లీ తాకరాదు. ఆ ఎదురెదురు కుర్చీల్లో ఒకటి ఖాళీగానే పెట్టుకో. ఇది కూడా నీ హిందీ వాళ్లకు చెప్పుకో, కుర్చీల్లోంచి లేస్తారు.

ఘాట్ మెట్లెక్కి పైకి వచ్చేసరికి బుట్ట పెట్టుకుని ఒక ముసలాయన కూర్చున్నాడు. అమ్మ ఆగింది. తనే వంగి ఒక జామకాయ ఎంచుకుంది. ఉప్పూ కారం వేయించుకుంది. మెట్టు మీద కూర్చుని గింజలతో సహా మొత్తం తిన్నది. చాలా తియ్యగా ఉందని నాకూ ఒకటి కొనిపెట్టింది.

నాగలత